బండమీది రెండు రాతలు

కర్నూలు, కడప జిల్లాల్లో ఎండకూ వానకూ ఆరుబయట నిలిచిన గుండ్లలో మచ్చ పడనిది అరుదు. బూడిద రంగులో, ఆవపిండి పసుపులో, కావిలో, నలుపులో, గుండ్రంగా తీరిన అంచులతో ఒకదాన్నొకటి ఒరుసుకొంటూ పరచుకొన్న ఆ మచ్చలను చూసేవారిలో ఎక్కువమంది అది రాతి రంగే అనుకొంటారు, కొందరు పాచి అంటారు. వృక్షశాస్త్రం వాటిని లైకెన్లు అని పిలిచి, బూజు, పుట్టగొడుగుల వర్గానికి చెందిన ఒక శిలీంధ్రమూ, సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకోగల ఒక సూక్ష్మ శైవలమూ కలిసి ఒకే దేహంగా బతికే జీవులని నిర్వచిస్తుంది. థాలస్ అని పిలిచే ఆ దేహంలో వేరు, కాండం, ఆకు అనే విభజన ఉండదు. ఇంతవరకు గుర్తించిన శిలీంధ్ర జాతుల్లో సుమారు ఐదోవంతు ఇలా లైకెన్లుగానే జీవిస్తున్నాయి.

అవే గుండ్ల మీద ఈ ప్రాంతపు చరిత్ర కూడా చెక్కి ఉంది. జొన్నగిరి సమీపంలోని ఎర్రగుడి గుట్ట మీద అశోకుని పద్నాలుగు శిలాశాసనాలూ లఘు శాసనాలూ ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. పత్తికొండ వైపు రాజులమందగిరిలో మరొక లఘు శాసనం ఉంది. యర్రగుంట్ల మండలం కలమళ్ళలో దొరికిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని పండితులు సుమారు సా.శ. 575 నాటిదిగా లెక్కగట్టి, లభించిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా ఎంచుతున్నారు. ముద్దనూరు దగ్గర చింతకుంటలోనూ, ఓర్వకల్లు దగ్గర కేతవరంలోనూ చరిత్రపూర్వ మానవులు గీసిన బొమ్మలున్నాయి. అక్షరమూ లైకెనూ ఒకే రాతిని ఆశ్రయించినచోట ఎవరి హక్కు ముందు అన్న తగవు పుట్టక మానదు. ఈ సంవాదంలో ఆ తగవు పడే ఇద్దరూ రెండు విద్యలకు ప్రతినిధులే తప్ప ఫలానా వ్యక్తులు కారు. ఒకరు శాసనాలకు నకళ్లు తీయడంలో తల నెరసిన పరిశోధకుడు. మరొకరు లైకెన్లను సేకరించి బోధించే వృక్షశాస్త్ర అధ్యాపకురాలు. రాయలసీమలో చదువు చెప్పిన పెద్దలను పిలిచే తీరున ఆమె ఆయనను అయ్యవారూ అంటుంది, ఆయన ఆమెను అమ్మా అంటాడు.

శాసన పరిశోధకుడు: శాసనానికి నకలు ఎలా తీస్తారో తెలిసినవారికి ఈ మచ్చల మీద జాలి పుట్టదమ్మా. బండను కడిగి, కుంచెతో మట్టి తీసి, తడికాగితం పరచి, గట్టి కుంచెతో కొట్టికొట్టి కాగితాన్ని అక్షరపు గాడిలోకి దింపి, ఆరుతూ ఉండగా సిరా అద్దితే, గాడి తెల్లగానూ తక్కినదంతా నల్లగానూ తేలుతుంది. గాడిలో లైకెన్ నిండితే కాగితం దిగదు, దిగనిచోట అక్షరం పోయినట్టే. తలకట్టులో వెంట్రుకవాసి తేడా చూసి శతాబ్దాన్ని నిర్ణయించే విద్య ఇది. కలమళ్ళ శాసనం వంటిదానిలో ఒక్క అక్షరం సందిగ్ధమైనా తెలుగు లిపి ఎదిగిన క్రమం మీదే చర్చ రేగుతుంది. అంతటి రాతిని శోభిలా పట్టి తినేస్తున్నదాన్ని గీకి, అమ్మోనియా నీళ్లతో కడిగి, మళ్లీ పట్టకుండా మందు పూయడంలో తప్పేమిటి?

అధ్యాపకురాలు: శోభి అన్న పోలిక ఈనాటిది కాదు అయ్యవారూ. లైకెన్ అనే గ్రీకు మాటకే చర్మం మీద పొలుసుగా లేచే మచ్చ అన్న అర్థం కూడా ఉంది. చూపుకు జబ్బులా కనిపించడమే ఈ జీవికి మొదటినుంచీ పట్టిన దురదృష్టం. మొక్కలన్నిటికీ పేర్లు పెట్టబూనిన లిన్నేయస్ కూడా 1753లో తనకు తెలిసిన ఎనభై వరకు లైకెన్లను ఒకే ప్రజాతిలో కుక్కి, వృక్షలోకంలో వీటిది నిరుపేదల స్థానమని తీర్మానించాడు. ఆయన కడపటి శిష్యుడైన ఎరిక్ అకారియస్ 1803లోనూ 1810లోనూ వెలువరించిన గ్రంథాల్లో వీటిని ఓపికగా విడదీసి వర్గీకరించిన తరువాతనే లైకెన్లకు సొంత శాస్త్రమంటూ ఏర్పడింది. ఇక తినడం మాటకు వస్తే, లైకెన్ రాతిని తిని బతకదు. శైవలం ఎండలో తయారుచేసిన చక్కెరలే శిలీంధ్రానికి ఆహారం, రాయి వాటికి కూర్చున్న పీట.

శాసన పరిశోధకుడు: పీటే కావచ్చు, కూర్చున్నవాడు పీటను అరగదీయడా? శిలీంధ్రపు తంతువులు ఖనిజ రేణువుల సందుల్లోకి మిల్లీమీటర్ల లోతున దిగుతాయనీ, అవి విడుదల చేసే ఆక్సాలిక్ ఆమ్లం రాతిలోని లోహ మూలకాలను కరిగించి లాగుతుందనీ, వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొనే థాలస్ ఆ రేణువులను ఏళ్ల తరబడి లాగిలాగి వదులు చేస్తుందనీ మీ శాస్త్రమే చెబుతోంది. అశోకుని లిపికారుడు ఉలితో తీసిన గాడి లోతు ఎంతని? అందులో మిల్లీమీటరు పోతే ఏమి మిగులుతుంది?

అధ్యాపకురాలు: ఆ మూడూ నిజాలే. అయితే అవి ఏ రాతిలో ఎంత వేగంగా జరుగుతాయన్న ప్రశ్న ఒకటుంది, సీమలో ఆ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. బెలుం గుహలు ఏర్పడిన నార్జి సున్నపురాయి, ఇళ్లలో పరిచే నాపరాయి ఆమ్లానికి లొంగుతాయి. కొన్ని లైకెన్లు సున్నపురాతి పైన కాక లోపలే దేహాన్ని పెంచుకొని, విత్తుల వంటి సిద్ధబీజాలను ఇచ్చే అంగాలను మాత్రమే పైకి తేల్చుతాయి. అవి రాలిపోయినచోట సూదిబెజ్జం వంటి గుంటలు మిగులుతాయి. అటువంటి రాతి మీద అక్షరాలుంటే అయ్యవారి భయం పూర్తిగా సబబు. గండికోటలో పెన్న కోసుకొనిపోయిన ఎర్రని క్వార్ట్‌జైట్ సంగతి వేరు. అది దాదాపు అంతా సిలికా, ఆక్సాలిక్ ఆమ్లానికి అందులో పట్టు దొరకడమే కష్టం. ఎర్రగుడి గుండ్ల వంటి గ్రానైట్ జాతి రాళ్లు ఈ రెండింటికీ నడుమ నిలుస్తాయి. వాటిలో ముందు నల్లని అభ్రకం, ఆ తరువాత ఫెల్డ్‌స్పార్ మెత్తబడతాయి, క్వార్ట్జ్ రేణువు నిలబడుతుంది. మూడు రాళ్లకూ ఒకే మందు రాసే వైద్యం ఎలా ఒప్పు?

రాతిని బట్టి తీర్పు మారుతుందన్న ఈ మాట చిన్నదిగా కనిపించినా వాదమంతటికీ ఇదే ఇరుసు. కట్టడాల సంరక్షణలో చాలాకాలం లైకెన్ అంటే చెరుపు చేసేదన్న భావమే రాజ్యమేలింది. ఇటీవలి దశాబ్దాల్లో దానికి ఎదురుగా జీవరక్షణ అన్న భావన బలపడింది. రాతి ముఖాన్ని కప్పిన లైకెన్ పొర వాన చినుకుల దెబ్బనూ, గాలి మోసుకొచ్చే ఇసుక ఒరిపిడినీ, పగటి ఎండకూ రాత్రి చలికీ మధ్య రాయి పడే ఉష్ణోగ్రతల తేడానూ కొంత తానే భరిస్తుందని ఆ భావన సారాంశం. వేసవిలో నలభై డిగ్రీలు దాటే సీమ ఎండలో ఈ చివరి అంశాన్ని తేలికగా తీసివేయడానికి లేదు. ఒకే లైకెన్ ఒక రాతికి చెరుపు, మరొక రాతికి గొడుగు కావచ్చు. ఒకే రాతి మీద ఒక మూల చెరుపు, మరొక మూల గొడుగు కూడా కావచ్చు.

శాసన పరిశోధకుడు: గొడుగన్న మాట వినడానికి బాగుంది. కాని గొడుగు కింద ఏముందో చదవలేకపోతే ఆ గొడుగెవరికి?

అధ్యాపకురాలు: గీకితే చదవగలమన్న నమ్మకమే అసలు ప్రమాదం. తంతువులు రేణువులను అల్లుకొని ఉన్న లైకెన్‌ను లోహపు బ్రష్షుతో రుద్దితే లైకెన్ ఒక్కటే ఊడిరాదు, రాతి పైపొర కూడా దానితోపాటు వస్తుంది. అక్షరపు అంచు ఉండేది ఆ పొరలోనే. మందు పూసి చంపితే రాతి రంధ్రాల్లో మిగిలిన మృత తంతువులు తరువాత వచ్చే నల్లబూజులకు మేత అవుతాయి. ఇక చింతకుంట, కేతవరం వంటి చోట్ల బొమ్మ మీద లైకెన్ పాకిందంటే దాన్ని గీకడం బొమ్మను గీకడమే. లైకెన్‌ను తాకకుండా చదివే దారులు ఇప్పుడున్నాయి. ఏటవాలుగా వెలుతురు వేసి, దిక్కు మార్చిమార్చి తీసిన ఛాయాచిత్రాలను కంప్యూటరులో కలిపితే, కాగితం దిగని గాడి కూడా నీడగా తేలుతుంది.

శాసన పరిశోధకుడు: తేలేది నీడ, స్పర్శ కాదు. తడికాగితం అక్షరాన్ని ముట్టుకొని వస్తుంది. ఛాయాచిత్రం మంచి సాక్ష్యమే, అయినా లైకెన్ నిండుగా పూడ్చిన గాడికి నీడ ఎక్కడ? ఆ చోట కటకమైనా కంప్యూటరైనా లైకెన్ ఉపరితలాన్నే చూపిస్తుంది.

అధ్యాపకురాలికి ఇక్కడ తగిన జవాబు లేదు, ఆమె దాన్ని దాచలేదు. పూర్తిగా పూడిన గాడి విషయంలో వెలుతురు పద్ధతి ఓడిపోతుందని ఆమె ఒప్పుకొంది. వాదం కొంతసేపు దారి మార్చింది. ఇంతకూ ఈ జీవి ఒకటా, రెండా అన్న కుతూహలం పరిశోధకునికి కలిగింది. ఒకే బండ మీద రెండు చేతుల రాతలను వేరుచేయడం అలవాటైనవారికి ఆ ప్రశ్న సహజం.

అధ్యాపకురాలు: ఆ ప్రశ్న మీద పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద యుద్ధమే జరిగింది. లైకెన్ ఒకే మొక్క కాదనీ, శిలీంధ్రం యజమాని, శైవలం దాని బందీ అనీ స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ 1867లో ప్రకటించినప్పుడు, ఆనాటి లైకెన్ పండితులు దాన్ని తమ విద్యకు జరిగిన అవమానంగా తీసుకొన్నారు. ప్యారిస్‌లో స్థిరపడిన ఫిన్లాండ్ పండితుడు విలియం నైలాండర్ అందరికన్నా గట్టిగా ఎదిరించి, 1899లో చనిపోయేదాకా ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. ఈ జంట బతుకును చూసే, వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడానికి జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ సహజీవనమన్న భావనను స్థిరపరిచాడు. చివరకు ష్వెండెనర్ మాటే నిలిచింది. అయినా లెక్క రెండుతో ఆగలేదు. కొన్ని లైకెన్ల పైపొరలో మరొక తెగకు చెందిన ఈస్టులు కూడా కాపురముంటున్నాయని టోబీ స్ప్రిబిల్లే బృందం 2016లో చూపించింది. వాటి పాత్ర ఏమిటన్నది ఇంకా చర్చలో ఉంది.

శాసన పరిశోధకుడు: నైలాండర్ ఓడిన పండితుడన్నమాట.

అధ్యాపకురాలు: ఈ ఒక్క విషయంలో ఓడాడు. లైకెన్ శాస్త్రం ఈనాటికీ వాడే రెండు పనిముట్లు ఆయనవే. 1866లో ఆయన రెండు సంగతులు చెప్పాడు. లైకెన్ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ లేదా బ్లీచింగ్ ద్రావణం ఒక చుక్క వేస్తే, దానిలోని ప్రత్యేక రసాయనాలను బట్టి రంగు మారుతుందనీ, ఆ రంగును బట్టి జాతిని గుర్తించవచ్చనీ మొదటిది. సీమ రాళ్ల మీది నారింజ రంగు కాలోప్లాకాలు అనేకం మొదటి ద్రావణానికి ముదురు ఊదాగా మారతాయి. ప్యారిస్ నగరంలో లక్సెంబర్గ్ తోటలో ఉన్న లైకెన్లు నగరంలోని తక్కిన చోట్ల కనబడకపోవడానికి గాలిలోని తేడాయే కారణమని, అంటే లైకెన్లు గాలికి కొలమానమని, రెండోది.

శాసన పరిశోధకుడు: ప్యారిస్‌లో మంచు కురుస్తుంది, తేమ ఉంటుంది. నీలగిరుల్లో, హిమాలయాల్లో లైకెన్ల గురించి మాట్లాడితే అర్థముంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వానతో, అదీ నాలుగు నెలల్లో కురిసి ఆగిపోయే ఈ సీమలో వీటికెందుకింత ఆరాటం? కరువుసీమ బండ మీద లైకెన్ అంటే అక్కడక్కడా మిగిలిన మరకే కదా.

సీమను గురించి సీమవారే తక్కువగా మాట్లాడే అలవాటు ఈ వాదంలోనూ తొంగిచూసింది. అధ్యాపకురాలి జవాబు ఇక్కడ కొంత పొడవైనా, దాన్ని కుదించడం న్యాయం కాదు. ఈ జీవుల ఘనత అంతా ఎండతో అవి పెట్టుకొన్న ఒప్పందంలోనే ఉంది.

అధ్యాపకురాలు: చెట్టు తన లోపలి నీటిని కాపాడుకోవడానికి వేరుతో, బెరడుతో, ఆకుమీది మైనంతో పోరాడుతుంది, ఓడితే చస్తుంది. లైకెన్ ఆ పోరాటమే పెట్టుకోదు. గాలి ఎండితే తానూ ఎండుతుంది, గాలి తడిస్తే తానూ తడుస్తుంది. ఎండినప్పుడు దానిలో తేమ పదోవంతుకన్నా తక్కువకు పడిపోయి, శ్వాసక్రియ దాదాపు నిలిచిపోయి, అది చావూ బతుకూ కాని స్థితిలో నెలల తరబడి ఉండగలదు. నీరు తగిలిన కొద్ది నిమిషాల్లో మళ్లీ పనిలోకి దిగుతుంది. ఆకుపచ్చ శైవలాన్ని జోడుగా పెట్టుకొన్న లైకెన్లకు వాన కూడా అక్కరలేదు, వేకువజాము గాలిలోని తేమే చాలు. ఎండెక్కేలోగా రెండు గంటలు ఆహారం వండుకొని మళ్లీ ఎండిపోతాయి. నీలి ఆకుపచ్చ శైవలాలని పిలిచే సయనోబాక్టీరియాను జోడుగా పెట్టుకొన్నవాటికి మాత్రం తడిసే నీరే కావాలి. అందుకే పెల్టులా వంటివి గుండు మీద వాననీరు జారే చారల వెంబడి, నల్లని చిన్న పొలుసులుగా వరుస కడతాయి. కొండబండ మీద దూరానికి కనిపించే ఆ నల్లచారలు మసి కాదు, నీటి దారిని పట్టుకొన్న జీవుల వరుస. ఇదే ఓర్పును చూసి 2005లో యూరపువారు రెండు లైకెన్ జాతులను కృత్రిమ ఉపగ్రహంలో పంపి రెండు వారాలు అంతరిక్షపు శూన్యానికీ సూర్యుని అతినీలలోహిత కిరణాలకూ గురిచేస్తే, అవి తిరిగివచ్చి మళ్లీ జీవక్రియ జరిపాయి. సీమ బండను చూసినవారికి అది ఆశ్చర్యం కాదు.

ఇక ఎక్కడెక్కడ ఏమున్నాయన్న లెక్క. బండల మీద ఊడదీయడానికి వీలులేకుండా పెచ్చులా అతుక్కొనే క్రస్టోజ్ రకాలదే ఇక్కడ రాజ్యం. మామిడి, చింత మాన్ల బెరడు మీద డిరినేరియా, పిక్సీన్ వంటి ఆకులాంటి రకాలు బూడిద రంగు రూపాయి బిళ్లల్లా కనిపిస్తాయి. నల్లమల లోపలికి, శేషాచలం పైకి, ఇంకా దక్షిణాన హార్స్‌లీ కొండల ఎత్తుకు పోయేకొద్దీ ఆకులాంటి పెద్ద రకాలు పెరుగుతాయి. భారతదేశంలో ఈ విద్యకు ప్రాణం పోసినవాడు లక్నో విశ్వవిద్యాలయపు ధరణీధర్ అవస్థి. 2010లో భారత వృక్షసర్వేక్షణ సంస్థ ప్రచురించిన జాబితాలో దేశంలోని లైకెన్ జాతులు 2,300 దాటాయి. ఆంధ్రప్రదేశ్ వాటా చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర శాఖ కలిసి పనిచేసిన తరువాతనే తూర్పు కనుమల లైకెన్లు రాష్ట్రానికి కొత్త నమోదులుగా వరుసగా అచ్చులోకి వచ్చాయి. అంటే అయ్యవారూ, ఎర్రగుడి శాసనాలు 1920ల చివర్లోనే లోకానికి తెలిసినా, ఈ గుండ్ల మీది జీవులకు పేర్లు పెట్టే పని నిన్నమొన్నటిది.

శాసన పరిశోధకుడు: సేకరణ మాట వచ్చింది గనుక ఒకటి అడగాలి. అతుక్కొన్న లైకెన్‌ను ఎలా సేకరిస్తారమ్మా? సుత్తితో, ఉలితో, రాతి పెచ్చుతో సహా. శాసనం చెక్కిన చేతిలోనూ ఉలే, మీ చేతిలోనూ ఉలే. బండను కాపాడమని వాదించేవారు బండను పగలగొట్టి సంచిలో వేసుకోవడం ఏ ధర్మం?

అధ్యాపకురాలు: ఆ మాట నిజమే. క్రస్టోజ్ రకాన్ని రాయి లేకుండా తేవడం కుదరదు. దాని సిద్ధబీజాంగాన్ని నిలువుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప జాతి తేలదు. కాని అక్షరమున్న ముఖాన్ని, బొమ్మ ఉన్న ముఖాన్ని ఉలి తాకకూడదు, అది రాజీలేని నియమం కావాలి. అదే గుట్ట మీద పదడుగుల అవతల అక్షరం లేని గుండు మీద అదే లైకెన్ ఉంటుంది; గోరంత పెచ్చు అక్కడినుంచి తీస్తే సరిపోతుంది.

శాసన పరిశోధకుడు: నియమం మీరు పెట్టుకోగలరు, అంగడికి ఎవరు పెడతారు? బిర్యానీలో, నిహారీలో వేసే రాతిపువ్వు కూడా ఇదే జాతి అంటారు. కర్నూలు అంగళ్లలో అనాసపువ్వు, మరాటిమొగ్గ, జాపత్రి పక్కన అది కుప్పగా ఉంటుంది. కుప్పలు కుప్పలుగా గీకి తెచ్చి అమ్మితే లేని దోషం, నాలుగు అక్షరాల కోసం గీకితే వస్తుందా?

అధ్యాపకురాలు: రాతిపువ్వు లైకెనే, అయితే సీమ బండల మీది పెచ్చు కాదు. అది ఎక్కువగా పార్మోట్రీమా ప్రజాతికి చెందిన, ఆకులా విప్పారే లైకెన్. పైన బూడిద రంగు, కింద నలుపు. హిమాలయపు అడవుల నుంచీ పడమటి కనుమల నుంచీ వస్తుంది, పేరుకు రాతిపువ్వే అయినా చాలావరకు చెట్టు బెరడు మీదిదే. సంస్కృతంలో శైలేయం, హిందీలో ఛరీలా, తమిళంలో కల్పాసి. పచ్చిగా నమిలితే రుచీ పచీ ఉండదు. వేడి నూనెలో పడ్డప్పుడు మట్టివాసన, చెక్కవాసన కలిసినట్టు లేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు బట్టీల్లోనూ, ధూపద్రవ్యాల్లోనూ, ఆయుర్వేద యోగాల్లోనూ దీనికి చోటుంది. అంగడిలోని రాతిపువ్వులో తరచు దొరికే పార్మోట్రీమా టింక్టోరమ్ అనే జాతి లోపలి తెల్లని పొర మీద నైలాండర్ చెప్పిన బ్లీచింగ్ చుక్క వేస్తే ఎర్రబడుతుంది. దానిలోని లెకనోరిక్ ఆమ్లం వల్ల అలా జరుగుతుంది. సముద్రతీరపు రోసెల్లా లైకెన్లలోనూ అదే వర్గపు ఆమ్లాలుంటాయి. వాటిని అమ్మోనియాలో నానబెట్టి యూరపువారు పూర్వం ఊదారంగు తీశారు. బడిలో పిల్లలు ఆమ్లాన్నీ క్షారాన్నీ పరీక్షించే లిట్మస్ కాగితపు రంగు కూడా రోసెల్లా నుంచి వచ్చిందే.

అంగడి కుప్ప విషయంలో అయ్యవారి నింద తోసివేయదగినది కాదు. ఆకులాంటి లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. దోసెడు రాతిపువ్వు వెనుక పదేళ్లో ఇరవయ్యేళ్లో ఉన్నాయి. బెరడుతో సహా ఒలిచి తేవడం అడవికి నష్టమే. రాలిన కొమ్మల మీద ఏరుకొనేదానికీ నిలువు మాను నుంచి ఒలిచేదానికీ అంగడిలో తేడా తెలియకపోవడం ఇంకా పెద్ద నష్టం.

తన వాదానికి బలం తగ్గుతుందని తెలిసీ ఆమె ఈ మాట ఒప్పుకోవడం గమనించదగ్గది. పరిశోధకుని స్వరం కూడా ఇక్కడినుంచి మెత్తబడింది. అయినా అక్షరం మీద పట్టు వదలలేదు.

శాసన పరిశోధకుడు: రంగు, రుచి, వాసన, సరే. ఇవన్నీ హిమాలయపు లైకెన్ ఘనతలు. కలమళ్ళ పొలిమేరలో రాతిని పట్టుకొన్న పెచ్చు ఎవరికి ఏమిచ్చింది?

అధ్యాపకురాలు: కలమళ్ళ పేరు ఎత్తడమే మంచిదైంది. తెలుగు తొలి శాసనం దొరికిన ఆ ఊరి పరిసరాల్లోనే బొగ్గుతో నడిచే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. యర్రగుంట్ల చుట్టూ సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. బొగ్గు మండితే గంధకపు వాయువు వెలువడుతుంది. వేరు లేని లైకెన్ తనకు కావలసిన లవణాలన్నీ గాలినుంచి, వాననుంచి, దుమ్మునుంచి దేహమంతటితో పీల్చుకొంటుంది. వద్దనుకొన్నదాన్ని ఆపే తలుపు దానికి లేదు, ఆకు రాల్చి విషాన్ని వదిలించుకొనే వీలూ లేదు. అందుకే గంధకపు వాయువు పెరిగేకొద్దీ సున్నితమైన జాతులు ఒక్కొక్కటే తప్పుకొంటాయి. ఇంగ్లండులో డేవిడ్ హాక్స్‌వర్త్, ఫ్రాన్సిస్ రోజ్ 1970లో చెట్ల మీద మిగిలిన జాతులను బట్టి గాలిలోని గంధకపు వాయువును అంచనా కట్టే కొలబద్దనే తయారుచేశారు. సున్నపు దుమ్ము కథ మరొకటి. అది బెరడు మీద పడి దాని ఆమ్లగుణాన్ని చంపేసరికి, సున్నపురాతి మీద ఉండవలసిన లైకెన్లు చెట్టెక్కుతాయి. పిక్సీన్ వంటి మైదానపు జాతుల్లో పేరుకొన్న లోహాలను కొలిచి నగరాల గాలిని అంచనా వేసే పని లక్నో పరిశోధకులు ఏళ్లుగా చేస్తున్నారు. గాలిని కొలిచే యంత్రాన్ని ఏ ఊళ్లో పెడితే ఆ ఊరి గాలే, పెట్టిన నాటినుంచే తెలుస్తుంది. లైకెన్ అంతకుముందు నుంచే, ప్రతి బండ మీదా ఆ లెక్క రాస్తూ ఉంది. గీకితే పోయేది ఆ చిట్టా.

శాసన పరిశోధకుడు: రాస్తూ ఉందన్న మాట ఊరికే అన్నారా, నిజంగానే దానిలో కాలం ఉంటుందా? లైకెన్‌ను చూసి బండకు వయసు చెప్పగలిగితే, తేదీ లేని శాసనాలకు అంతకన్నా వరం లేదు.

అధ్యాపకురాలు: ఆ ఆశ కొత్తది కాదు. ఆస్ట్రియాకు చెందిన రోలాండ్ బెషెల్ 1950లలో, మంచునదులు వెనక్కి తగ్గి బయటపడిన రాళ్లకు వాటి మీది లైకెన్ వ్యాసాన్ని బట్టి వయసు కట్టే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఏడాదికి మిల్లీమీటరులో కొంత భాగమే పెరిగే పటం వంటి పచ్చని లైకెన్ ఆ చలిదేశాల్లో వందల ఏళ్లు బతుకుతుంది. కాని ఆ లెక్కను ఇక్కడికి ఎత్తుకురావడం పొరపాటు. సీమ ఎండలో ఏ జాతి ఏడాదికెంత పెరుగుతుందో ఇక్కడే కొలవాలి. చెక్కిన కొత్త ముఖం మీద మొదటి లైకెన్ పట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో తేలాలి. పాతది చచ్చి దాని చోట కొత్తది పుట్టిందేమో చూడాలి. ఏటా సున్నం కొట్టి పసుపుకుంకుమలు పూసే వీరగల్లు మీదైతే ఈ లెక్క మొదలే కాదు. అశోకుని రాతి వయసు లైకెన్ చెప్పలేదు, రెండువేల ఏళ్ల పైబడిన ముఖం మీద ఎన్ని తరాల లైకెన్లు వచ్చిపోయాయో ఎవరు లెక్కించగలరు? పెరుగుదల కొలవాలంటే ముందు కావలసింది తేదీ తెలిసిన రాతి ముఖాలు.

శాసన పరిశోధకుడు: తేదీ తెలిసిన రాళ్లకేం కొదవ? శక సంవత్సరం, తిథి, వారంతో సహా చెక్కిన విజయనగర కాలపు దానశాసనాలు ఈ రెండు జిల్లాల్లో పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద, పాడుపడిన గుళ్ల ముందు ఎన్నో ఉన్నాయి. ఆ తరువాతి శతాబ్దాల సమాధిరాళ్లున్నాయి, కుంఫిణీ కాలపు కట్టడాల మీద ఏడాదులున్నాయి. వందేళ్లది, రెండు వందల ఏళ్లది, ఐదు వందల ఏళ్లది, వరుసగా చూపించవచ్చు.

అధ్యాపకురాలు: వాటిలో గీకనివి ఎన్ని?

ఈ ప్రశ్నకు పరిశోధకుడు వెంటనే జవాబివ్వలేదు. నకలు తీసిన ప్రతి రాయీ కుంచె తిన్న రాయే. కుంచె ఎంత గట్టిదో, కడిగింది వట్టి నీళ్లతోనో, మరి దేనితోనో నకలు అంచున ఎవరూ రాసిపెట్టే వాడుక లేదు. శాసనపాఠం అచ్చయినప్పుడు పంక్తుల సంఖ్య, లిపి, భాష, రాజు, తేదీ వస్తాయి. రాతి ముఖం ఆనాడు ఎలా ఉందో, దాని మీద ఏ రంగు పెచ్చు ఏ పంక్తిని కప్పిందో రాదు. లైకెన్ పరిశోధకుల వైపునా ఇదే లోపం ఉంది. లైకెన్‌ను మొక్కల్లా కాగితాలకు అంటించరు, మడిచిన కాగితపు పొట్లంలో పెట్టి హెర్బేరియంలో భద్రపరుస్తారు. ఆ పొట్లం మీద జాతి, ఊరు, ఎత్తు, ఆధారం, తేదీ రాస్తారు. ఆధారమన్న చోట రాయి అని రాసి ఊరుకొంటారు. ఆ రాతిని మనిషి ఎప్పుడు చెక్కాడో తెలిసినా రాయరు. రెండు విద్యలూ ఒకే బండ ముందు నిలబడి, రెండోవారికి పనికివచ్చే సగాన్ని ఇంతకాలమూ పారవేశాయి.

శాసన పరిశోధకుడు: ఒక ఒప్పందానికి రావచ్చునమ్మా. గ్రానైటు మీద, క్వార్ట్‌జైటు మీద ముందు వెలుతురుతో చదవడం, కుంచె ముట్టకపోవడం. సున్నపురాతి మీద మాత్రం గాడిలోని లైకెన్ తీయవలసిందే, అక్కడ బేరం లేదు.

అధ్యాపకురాలు: సున్నపురాతి మీద కూడా గాడి వరకే. గాడుల నడుమ ఉన్నది అలాగే ఉండాలి. తీసేది వెదురు పుల్లతో, తడిపి మెత్తబడ్డాక. లోహం వద్దు, మందు వద్దు. తీయడానికి ముందు పదిరెట్ల కటకంతో చూసి, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీసి, ప్రతి మచ్చకూ అడ్డం, పొడవు రాసుకోవాలి.

శాసన పరిశోధకుడు: తీసింది ఏమవుతుంది?

అధ్యాపకురాలు: పొట్లంలోకి వెళుతుంది. పొట్లం మీద జాతి పేరుకు ఖాళీ వదిలి ఊరు, రాయి రకం, ముఖం ఏ దిక్కో రాయాలి. దాని కింద శాసనం శక సంవత్సరం, లైకెన్ కప్పిన పంక్తి సంఖ్య, కప్పిన అక్షరం.

శాసన పరిశోధకుడు: అక్షరం సందిగ్ధమైతే?

అధ్యాపకురాలు: సందిగ్ధమనే రాయాలి అయ్యవారూ. జాతి పేరు తేలనప్పుడు పొట్లం మీద ప్రజాతి పేరు ఒక్కటే రాసి ఆపినట్టు.